అమ్రాబాదు చెంచుల పలుకు

తూర్పు ఆఫ్రికాలో కెన్యా దేశపు ముకొగోడో అడవియందు వేటను, తేనెను నమ్ముకొని కొండగుహలలో కాపురముండిన యాకు జనులు, పరిసరములందలి మాసాయి పశుపాలకులతో వియ్యమందుటకు ఓలిగా పశువులనే ఈయవలసివచ్చుటచేత క్రమముగా తామును పశువుల కాపరులై, గత శతాబ్ది ఇరువదులు, ముప్పదులనాటికి తమ భాషను విడిచి మాసాయి భాషను స్వీకరించిరి. 1970 ప్రాంతమున బెర్న్‌డ్ హైనె యను జర్మను భాషావేత్త వెళ్లునప్పటికి ఆ భాష కొందరు వృద్ధుల నోట మాత్రమే మిగిలియుండగా, ఆయన దానిని వ్రాసికొనెను.

ఈ వృత్తాంతము చదివినప్పుడెల్ల నా మనస్సు, 2016 వరకు మహబూబునగరు జిల్లాలోనుండి పిదప నాగరుకర్నూలులో చేరిన అమ్రాబాదు పీఠభూమివైపు, అచ్చటి అడవిజనులైన చెంచుల పెంటలను చిన్న ఊళ్లవైపు మరలును. యుద్ధకారణమున హైదరాబాదు సంస్థానమున నిలిచిపోయిన వియన్నా మానవశాస్త్రజ్ఞుడు ఫ్యూరర్ హైమెన్‌డార్ఫ్ 1940లో వారి నడుమ మసలి, 1943లో వారినిగూర్చి ఉద్గ్రంథమును ప్రకటించెను. అప్పటికే వారి వాడుక తెలుగే. యాకుల భాషకు దొరికినట్టి సాక్షి చెంచుల పూర్వపు భాషకు, అట్టిదొకటి యుండియున్నచో, దొరకలేదు.

అట్లని పోవునదేమియు లేదనుకొనుట పొరపాటు. త్రవ్వుకోలతో ఏ గడ్డను ఏ ఋతువునందు తీయవలెనో, చింతపండును బూడిదతో కలిపి యెట్లు తినవలెనో, నిట్రమైన కొండచరియనుండి త్రాటిపై దిగి తేనెపట్టును ఎట్లు కోయవలెనో తెలిపెడి మాటలన్నియు ఆ తెలుగులోనే యున్నవి. దిగువారి త్రాటిని బావమరిదియే పట్టవలెనందురు. తోబుట్టువు పసుపుకుంకుమలు ఆ చేతులలోనుండుటకంటె గట్టి పూచీ మరేమున్నది?

1983లో ఈ పీఠభూమి గల నల్లమల అడవి పులుల రక్షణ పథకములో చేరినది మొదలు అడవిలో వారి రాకపోకలకు కట్టుబాట్లు పెరిగినవి. పిల్లలు ఆశ్రమ పాఠశాలలలో పుస్తకపు తెలుగును నేర్చుచున్నారు. చదువు కావలసినదే, సందేహము లేదు. కాని గడ్డ త్రవ్వని బిడ్డకు గడ్డపేరు నిలువదు. భాష తెలుగే గనుక ఈ నష్టము ఏ లెక్కకును ఎక్కదు. నాకు మిక్కిలి బాధ కలిగించునది ఇదియే.

ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీ, భద్రిరాజు కృష్ణమూర్తిగారి సంపాదకత్వమున వ్యవసాయ పదకోశమును 1962లో, చేనేత పదకోశమును 1971లో వెలువరించినది. రైతునకు, సాలెవానికి దక్కిన ఆ గౌరవము తేనె తీయు చెంచునకును దక్కవలెను. పెంటలలో పెద్దలుండగనే, వారినే గురువులుగా కూర్చుండబెట్టి, వారి మాటలకును అట్టి పదకోశమును కూర్చు పని ఆరంభింపవలెను.