దండలా చుట్టిన వైరు

ఇంగ్లాండులో ఉంటున్న పిల్లలు సెలవులకి వచ్చినప్పుడు గమనించే ఉంటారు. వాళ్ల లాప్‌టాప్ ప్లగ్గు మన స్విచ్‌బోర్డులో పట్టదు. పలకగా మూడు పిన్నులు, చేతికి బరువుగా ఉంటుంది. అంత లావెందుకంటే, లోపల ఒక చిన్న ఫ్యూజు ఉంటుంది. దాని వెనక పెద్ద కథే ఉంది.

రెండో ప్రపంచ యుద్ధానికి ముందు అక్కడి ఇళ్లలోనూ మనలాగే గుండ్రని పిన్నులే ఎక్కువ. 2, 5, 15 ఆంపియర్లకి వేర్వేరు సైజులు. పెద్ద సాకెట్ పెట్టాలంటే ఫ్యూజు బోర్డు నుంచి దానికి విడిగా వైరు లాగాలి. మాను నుంచి కొమ్మలు సాగినట్టుండే ఈ పద్ధతిని రేడియల్ అంటారు.

యుద్ధంలో బాంబులకి ఎన్నో ఇళ్లు కూలాయి. మళ్లీ కట్టాలి, చూస్తే రాగికి కరువు. కొత్త ఇళ్లకి వైరింగ్ ఎలా ఉండాలో తేల్చడానికి 1942లో ఒక కమిటీ వేశారు. ఇరవై మందిలో ఆడమనిషి ఒక్కరే, కారొలైన్ హాస్లెట్. కరెంటుతో ఇంటి చాకిరీ తగ్గించాలని 1924లో పెట్టిన మహిళా సంఘానికి ఆవిడే మొదటి డైరెక్టరు. ఇంట్లో కరెంటు వాడకంలో భద్రత ఆవిడ పట్టుబట్టిన విషయం.

1944లో వచ్చిన నివేదిక రింగ్ పద్ధతిని సూచించింది. బోర్డు దగ్గర బయలుదేరిన వైరు సాకెట్లన్నిటినీ కలుపుకుంటూ, దండ ముడి వేసినట్టు తిరిగి అక్కడికే చేరుతుంది. కరెంటు రెండు వైపుల నుంచీ అందుతుంది కనక, సన్నని వైరే చాలా సాకెట్లకి సరిపోతుంది. కానీ ఆ రింగుకి ఉండేది 30 ఆంపియర్ల ఫ్యూజు. టేబుల్ లైటు సన్నని తీగ కాలిపోతున్నా అది కదలకపోవచ్చు. అందుకే ప్లగ్గుకో ఫ్యూజు పెట్టారు. పసిపిల్లలు వేలో, పిన్నో పెట్టకుండా సాకెట్ రంధ్రాలకి మూతలుండాలనీ ఆ నివేదికలోనే రాశారు. పొడవైన ఎర్తు పిన్ను ముందు దూరితేనే ఆ మూతలు తెరుచుకుంటాయి. 1947లో ఇదంతా అక్కడి ప్రమాణమైంది.

రింగుకీ ఒక లోపం ఉంది. ఎక్కడైనా తెగినా సాకెట్లన్నీ పనిచేస్తూనే ఉంటాయి. భారమంతా ఒక వైపు వైరు మీద పడి వేడెక్కుతున్నా మనకి తెలియదు. రేడియల్లో అయితే తెగిన చోటు నుంచి అవతల కరెంటు పోతుంది. వెంటనే ఎలక్ట్రీషియన్ని పిలుస్తాం.

మనకి వాళ్ల పాత గుండ్రని పిన్నులే మిగిలాయి, వైరింగూ రేడియలే. అందులో తక్కువేం లేదు. కాకపోతే మన ప్లగ్గులో ఫ్యూజు లేదు కాబట్టి మన జాగ్రత్తలో మనం ఉండాలి. గీజరుకీ, ఏసీకీ వేటి లైను వాటికే ఉండాలి. ఇస్త్రీపెట్టె, మిక్సీ, ఓవెను ఒకే ఎక్స్‌టెన్షన్ బాక్సుకి తగిలించకూడదు. ఇంట్లో పాకే పిల్లలుంటే మూతలున్న సాకెట్లు అడిగి మరీ వేయించుకోండి. మన దగ్గరా దొరుకుతున్నాయి.

ఇల్లు కట్టేటప్పుడు వంటగది గట్టు రాయి గురించి వారం రోజులు చర్చిస్తాం. గోడలోకి పోయే వైరు గురించి ఒక్క పూటైనా కూర్చుని మాట్లాడదాం. ఇంట్లో ఏ ప్లగ్గు ఎక్కడ, ఎంతసేపు వాడతామో మనకి తెలిసినంతగా మేస్త్రీకి తెలియదు కదా!