ఆకురాయి ముందా, కొలత ముందా?

నందిగామ నుంచి జగ్గయ్యపేట దాకా హైవే దిగి పొలాల్లోకి వెళ్తే పత్తి, మిర్చితో పాటు బాగా కనబడేది సుబాబుల్. కాగితం మిల్లులకి వెళ్ళే కర్ర. ఒకప్పుడు గొడ్డళ్ళతో కొట్టేవాళ్ళు, తర్వాత పెట్రోలు రంపాలొచ్చాయి. ఆ రంపం మోత వింటే మా నాన్నగారి తరం వాళ్ళకి గుర్తొచ్చేది ఆర్ఎక్స్ హండ్రెడ్. ఊరికే కాదు లెండి, రెండిటిదీ ఒకటే జాతి, టూ స్ట్రోక్. అప్పట్లో బైకుకి చేయించుకున్న "పోర్టింగు" ఈ రంపానికి చేస్తే ఎలా ఉంటుందని నా బుర్రలో పురుగు దొలిచింది. సెలవులకి ఇంటికెళ్ళినప్పుడల్లా పాత సిలిండర్లు ముందేసుకుని నేర్చుకుంటున్నాను. నేర్చుకునే కొద్దీ దాని చరిత్ర మీదకి మనసు పోయింది. ఆ సంగతులే ఈ టపా.

పోర్టింగు అనగానే మన సాఫ్ట్‌వేరు జనాలు జావా కోడుని ఇంకో ప్లాట్‌ఫారం మీదకి మార్చడం అనుకుంటారేమో :) ఇక్కడ పోర్టు అంటే సిలిండరు గోడలో ఉండే కన్నం. ఫోర్ స్ట్రోక్ ఇంజనులో గాలి ఎప్పుడు రావాలో, పొగ ఎప్పుడు పోవాలో వాల్వులు చూసుకుంటాయి. మామూలు టూ స్ట్రోక్‌కి ఆ వాల్వులుండవు. పిస్టన్ కిందకీ పైకీ పోతూ గోడలోని కన్నాల్ని తెరుస్తుంది, మూస్తుంది. దిగేటప్పుడు ముందు ఎగ్జాస్టు పోర్టు తెరుచుకుని కాలిన పొగ బయటికి పోతుంది. ఇంకాస్త దిగాక ట్రాన్స్‌ఫర్ పోర్టులు తెరుచుకుని, కింద క్రాంక్ కేసులో నొక్కుకుని ఉన్న కొత్త మిశ్రమం పైకొస్తుంది. అంటే కన్నం ఎంత ఎత్తులో ఉందన్నదే టైమింగు. మార్చాలంటే లోహాన్ని అరగదీయాలి. అరగదీసింది మళ్ళీ అతకదు. అండూ లేని ఎడిటరన్నమాట.

ఈ కన్నాల ఆలోచన ఒక్కసారిగా వచ్చింది కాదు. స్కాట్లండు ఇంజనీరు డ్యుగాల్డ్ క్లర్క్ 1881లో పేటెంటు తీసుకున్న టూ స్ట్రోక్ ఇంజనులో మిశ్రమాన్ని నెట్టడానికి పక్కన ఇంకో సిలిండరు ఉండేది. ఇంగ్లండులోని బాత్ పట్టణంలో జోసెఫ్ డే ఆ పక్క సిలిండరు తీసేసి, క్రాంక్ కేసునే పంపుగా వాడుకున్నాడు. 1892లో డే దగ్గర పనిచేసే ఫ్రెడరిక్ కాక్ మిగిలిన ఒక్క వాల్వుని కూడా తీసేసి, లోపలికొచ్చే మిశ్రమాన్ని కూడా పిస్టన్ అంచుతోనే అదుపు చేశాడు. ఇవాళ మన పొలాల్లో తిరిగే రంపాల్లో చాలావాటి నమూనా ఆ పనివాడిదే. వర్క్‌షాపులో చేతులకి మసి అంటిన మనిషి పేరు చరిత్రలో నిలబడటం నాకు భలే నచ్చింది.

అసలు మలుపు రేసుల్లో వచ్చింది. తూర్పు జర్మనీలో ఎంజెడ్ కంపెనీ ఇంజనీరు వాల్టర్ కాడెన్ 1950లలో సైలెన్సరు గొట్టం ఆకారం మీద పనిచేశాడు. పొగతో పాటు గొట్టంలోకి ఒక ఒత్తిడి అల వెళ్తుంది. గొట్టం వెడల్పయ్యే చోట అది సిలిండరులోంచి పొగని లాగుతుంది, సన్నబడే చోట తిరిగొచ్చి, బయటికి జారిపోతున్న కొత్త మిశ్రమాన్ని వెనక్కి తోస్తుంది. పోర్టుల ఎత్తూ గొట్టం పొడవూ ఒకదానికొకటి లెక్క కుదిరితే 125 సీసీ ఇంజను 25 హెచ్.పి. ఇచ్చింది. అంటే లీటరుకి 200! 1961 సెప్టెంబరులో ఎంజెడ్ రేసరు ఎర్న్‌స్ట్ డెగ్నర్ స్వీడన్ రేసు నుంచి అటే పారిపోయి, ఆ విద్యని సుజుకికి చేర్చాడు. మరుసటేడాదే 50 సీసీలో సుజుకికి తొలి ప్రపంచ టైటిల్ వచ్చింది. ఇప్పటి భాషలో సోర్సు కోడు లీకయ్యింది.

మనకి రాజ్‌దూత్ పోలండు నుంచి, జావా చెకోస్లవేకియా నుంచి 1960లలోనే వచ్చాయి. జనానికి పిచ్చెక్కించింది మాత్రం 1985లో ఎస్కార్ట్స్‌తో కలిసి యమహా తెచ్చిన ఆర్ఎక్స్ హండ్రెడ్. 98 సీసీ, 11 హెచ్.పి. 1996 దాకా తయారైంది. ఊరూరా మెకానిక్కులు దాని మీద చెయ్యి తిప్పారు. అందుకు ఒక కారణం దాని సిలిండరు లోపలి పోత ఇనుము స్లీవు. ఆకురాయికి లొంగుతుంది. గీత పడినా, పట్టేసినా బోరింగు కొట్టించి ఓవర్‌సైజు పిస్టన్ వేసుకోవచ్చు. నందిగామ నుంచి సుమారు 50 కిలోమీటర్లు పోతే విజయవాడ ఆటోనగర్, అక్కడ బోరింగు పనికి కొదవ లేదు. అంటే పొరపాటు జరిగినా బండి బతికేది. విద్య పెరగడానికి అంతకన్నా ఏం కావాలి?

మా వైపు ఒక పాత మెకానిక్ బాబాయి దగ్గర కూర్చున్నాను. పోర్టు ఎంత పైకి లేపేవారని అడిగితే, "అగ్గిపుల్ల మందం తియ్యాలయ్యా, ఆపైన ప్లగ్గు చూస్తే అదే చెబుతది" అన్నాడు. ప్లగ్గు కాఫీపొడి రంగులో ఉంటే పాస్, తెల్లబడితే పెట్రోలు చాలట్లేదు, నల్లగా తడిగా ఉంటే ఎక్కువైంది. నాకు ఇందులో తక్కువ చేసి మాట్లాడాల్సింది ఏమీ కనబడలేదు. టెస్టు పెట్టి ఫలితం చూసుకునే పద్ధతే ఇది. లోటల్లా ఒక్కటే, ఆయన కొలత ఇంకొకరి చేతికి అందేది కాదు. అమెరికాలో గోర్డన్ జెన్నింగ్స్ 1973లో టూ స్ట్రోక్ ట్యూనింగు మీద పుస్తకం రాస్తే ప్రపంచం మొత్తం చదువుకుంది. మన అగ్గిపుల్ల మాత్రం షెడ్డులోనే ఉండిపోయింది.

ఆ అగ్గిపుల్లని రంపం మీద ఎందుకు వాడకూడదో లెక్క వేస్తే తెలుస్తుంది. పాత సీడీ మీద డిగ్రీల కాగితం అంటించి క్రాంకుకి బిగించుకుంటే చాలు, పోర్టు ఎప్పుడు తెరుచుకుంటుందో చదవొచ్చు. ఆర్ఎక్స్ హండ్రెడ్ స్ట్రోక్ 50 మి.మీ. ఎగ్జాస్టు పోర్టు 1 మి.మీ. పైకి లేపితే అది తెరిచి ఉండే సమయం సుమారు నాలుగున్నర డిగ్రీలు పెరుగుతుంది. 45 సీసీ రంపం స్ట్రోక్ 32 మి.మీ. దగ్గర ఉంటుంది. అదే 1 మి.మీ. ఇక్కడ సుమారు 7 డిగ్రీలు! పోర్టుని మరీ వెడల్పు చేస్తే పిస్టన్ రింగు కన్నంలోకి ఉబ్బి తగులుకుంటుంది. అంచుల్ని నున్నగా వంపు తిప్పకపోయినా అంతే.

పైగా రంపం సిలిండరు వేరే జాతి. ఆండ్రియాస్ స్టీల్ 1929లో జర్మనీలో తెచ్చిన పెట్రోలు రంపం 46 కిలోలు, ఇద్దరు మోయాలి. 1950లో ఒక్కడు పట్టుకునే రంపం 16 కిలోలు. 1959 నాటి కాంట్రా 12 కిలోలు. ఈ బరువు తగ్గించే ప్రయాణంలో ఇనుప స్లీవు పోయింది. మంచి రంపాల్లో అల్యూమినియం మీద నేరుగా క్రోమ్ లేదా నికాసిల్ పూత ఉంటుంది. ఆకురాయి దాని మీద జారుతుంది, బలవంతం చేస్తే పూత పెచ్చులూడుతుంది. డైమండ్ బిట్టు కావాలి. చెడిపోతే బోరింగు కుదరదు, కొత్త సిలిండరు కొనాల్సిందే. కర్ర కొట్టే మనిషికి అది కొన్ని రోజుల కూలి.

ఇక పొగ సంగతి. ఎగ్జాస్టూ ట్రాన్స్‌ఫరూ రెండూ తెరిచి ఉన్నప్పుడు కొంత పెట్రోలు కాలకుండానే బయటికి పోతుంది. 1991లో మొదలై 1996, 2000లలో బిగిసిన ఉద్గారాల నిబంధనలు టూ స్ట్రోక్ బైకుల్ని రోడ్డు మీద నుంచి పంపించడానికి ఇదే కారణం. గొట్టం తోడు లేకుండా పోర్టు లేపితే ఈ లీకు ఇంకా పెరుగుతుంది. రంపానికి అంత పొడుగు గొట్టం తగిలించలేం, చేతిలో ఉండేది కదా. అంటే కాడెన్ విద్యలో సగమే ఇక్కడ పనికొస్తుంది.

మరి సుబాబుల్‌కి పోర్టింగు అవసరమా? నా లెక్కలో అవసరం లేదు. మన దగ్గర కోసేవి ఎక్కువగా సన్న మొద్దులే. గొలుసు పళ్ళు పదునుగా పెట్టి, 2టీ ఆయిల్ పాలు సరిగ్గా కలిపితే కంపెనీ రంపమే సరిపోతుంది. ఆకురాయి అరిగేది గొలుసు మీదైతే ఆ పూటే ఫలితం కనబడుతుంది. పోర్టుల మీద నా ప్రయోగాలు తుక్కులో కొన్న సిలిండర్లకే పరిమితం.

కానీ నేర్చుకోవడం దండగా అంటే ఒప్పుకోను. 2022లో నందిగామ, జగ్గయ్యపేటలు కృష్ణా నుంచి ఎన్టీఆర్ జిల్లాలోకి వెళ్ళాయి, ఆ మార్పుకి జీవోలూ పటాలూ ఉన్నాయి. ఇరవై, ముప్ఫై ఏళ్ళపాటు ఈ రోడ్డు పక్కన షెడ్డుల్లో జరిగిన ఇంజనీరింగుకి మాత్రం ఒక్క కాగితం లేదు. బాబాయి తన చేత్తో చేసిన ఆర్ఎక్స్ సిలిండరు ఒకటి ఇంకా దాచుకున్నాడు. మొన్న దాని పోర్టుల ఎత్తులు, వెడల్పులు కొలిచి ఎక్సెల్‌లో ఎక్కించాను. మీ ఊళ్ళోనూ అలాంటి పెద్దాయన ఉంటే ఒక పూట వెళ్ళి కూర్చోండి. వెర్నియర్ కాలిపరు తీసుకెళ్ళడం మర్చిపోకండి.