ఒక పత్రికాలయము వేసిన పునాది



ఇల్లు కట్టదలచినవాడు ముందు శంకువు పాతి, హద్దులేర్పరచి, ద్వారమే దిక్కుననో నిర్ణయించుకొని పిమ్మట గదా గోడలెత్తును! అంతర్జాలమున సైటు నిర్మించువారును అట్లే చేయుదురు. అందులకు వలయు పనిముట్లు పెక్కు గలవు. వానిలో జాంగో యనుదాని పూర్వవృత్తాంతమును నేడు ముచ్చటించెదను. మా గ్రంథాలయమందలి తాళపత్రముల పట్టికను సైటుగా నుంచవలెనను కోరికతో, పూర్వశిష్యుని యొకనిని ప్రక్కన కూర్చుండబెట్టుకొని దీనిని నేర్చితిని.

అమెరికాలో కాన్సాసు రాష్ట్రమున లారెన్సు అను పట్టణము కలదు. అచ్చటి 'లారెన్సు జర్నల్ వరల్డు' పత్రికాలయమున 2003 శరదృతువులో ఏడ్రియన్ హొలొవాటీ, సైమన్ విల్లిసన్ అను నిరువురు పైథాన్ అను కంప్యూటరు భాషతో సైట్లు నిర్మింప మొదలిడిరి. పత్రికాలయపు తొందర యెట్టిదో తెలిసినదే. సంపాదకుడు ఉదయము కోరినది సాయంకాలమునకు సిద్ధము కావలెను. ప్రతిమారు పునాది నుండి కట్టుటకు తీరిక యెక్కడిది? కావున అన్ని సైట్లకును సామాన్యమైన భాగమును వేరుపరచుకొనిరి. అదియే 2005 జూలైలో లోకమునకు ఉచితముగా నొసగబడెను. అగ్నిప్రమాదమున ఎడమచేతి వ్రేళ్లు రెండు చెడియు గొప్ప గిటారు విద్వాంసుడైన జాంగో రైన్‌హార్టు పేరు దానికి పెట్టిరి.

ఆ పత్రికవారికి రెండు సైట్లుండెడివి. ఒకటి వార్తలకు, మరియొకటి ఊరి వినోదములకు. ఒకే వ్యాసము రెండింటను ప్రకటింపవలసినప్పుడు రెండుమార్లు వ్రాసి యుంచినచో, ఒకచోట దిద్దిన తప్పు రెండవచోట నిలిచిపోవును. ప్రతిపై ప్రతి యెత్తించిన దేశమువారము. పాఠభేదములెట్లు పుట్టునో మనకొకరు చెప్పనక్కరలేదు. వారు వ్యాసమును ఒక్కచోటనే భద్రపరచి, ప్రతి సైటునకు నొక సంఖ్యనిచ్చి, వ్యాసమే సైటులకు చెందునో గురుతు మాత్రము చేసిరి. మన వ్రాయసకాండ్రకు ఈ సదుపాయమున్నచో పరిష్కర్తలకు పని తగ్గియుండును! ఒకే సైటు గలవారికి దీనితో నిమిత్తము లేదు గనుక, 2013 నుండి క్రొత్త ప్రాజెక్టులలో దీనిని కోరినవారే చేర్చుకొనవలెను.

ఇక స్థాపనవిధము. స్టార్ట్‌ప్రాజెక్టు అను నాజ్ఞను టైపుచేసి పేరొకటి యిచ్చినచో ఒక ఫోల్డరును, దానిలో నదే పేరుగల మరియొక ఫోల్డరును పుట్టును. వెలుపలిదాని పేరు మార్చినను హానిలేదు. లోపలిదాని పేరు మార్చితిమా, పని నిలిచిపోవును. ఏలయన తక్కిన ఫైళ్లు దానిని పేరుపెట్టి పిలుచును. 2012కు పూర్వము ఈ రెండు పొరల యమరిక లేదు. లోపల సెట్టింగ్సు అను ఫైలు కలదు. భాష, కాలము, సమాచారము దాచు తావు అందే వ్రాయబడును. డీబగ్ అనునది తెరచియుండును. సైటును పదుగురికి చూపుటకు మునుపు దానిని మూయవలెను. లేకున్న లోపలి లోపములు దారినపోవువానికిని కనబడును.

నేనొక పొరపాటు చేసితిని. ఆ ఫైలులో కాలమును దెలుపు పంక్తి యనవసరమని తోచి తుడిచివేసితిని. వినాయకచవితినాటి యుదయము 9 గంటలకు ఒక పెద్దమనిషి తమ యింటి తాళపత్రముల కట్టను తెచ్చియిచ్చెను. ఎదుటనే నమోదు చేసితిని. పట్టికలో ముందునాటి రాత్రి 10½ గంటలని పడెను! "పండుగనాడు గదా మాస్టారూ, నేనిచ్చినది?" అని ఆయన నొచ్చుకొనెను. విచారింపగా కారణము బయల్పడెను. ఆ పంక్తి లేనిచో జాంగో షికాగో గడియారమునే అనుసరించును. తొలినాడు పెట్టిన యా కాలమును, పాతవారి సైట్లు చెడకుండుటకై, నేటికిని అట్లే యుంచిరి. లారెన్సుదియు ఆ కాలమే.

ఆసియా, కోల్‌కతా అని పంక్తిని మరల వ్రాసితిని. కాలము లోపల సార్వత్రికమైన లెక్కతోనే భద్రమగును గనుక, నేను దిద్దకయే పాత నమోదులన్నియు సరియైనవి. ఆయన పేరునకెదుట చవితినాటి యుదయము 9 గంటలని కనబడినది. కబురంపి పిలిపించి చూపితిని.