గండికోటయు ఛాయాచిత్రమును



మన వార్షిక మహాసభల సంచికలలో పూర్వుల చరిత్రమును గూర్చి వ్యాసములు వ్రాయుట చిరకాలముగా వచ్చుచున్న యాచారము. చరిత్రమనగా శిలాశాసనములును తాళపత్రములును మాత్రమే యని తలంచువారు మనలో పెక్కురు కలరు. నేడు నంద్యాల, ఆళ్లగడ్డ ప్రాంతములలో సెల్‌ఫోను లేని యిల్లరుదు. ఛాయాచిత్రయంత్రము ప్రతివాని చేతిలోను ఉన్నది. ఇన్ని వేల చిత్రములు తీయుచున్న మనము రాబోవు తరములవారికి చరిత్రమును ఏపాటి మిగుల్చుచున్నాము? ఒక్కదినపు గండికోట యాత్ర యీ ప్రశ్నమును నా యెదుట నిలిపినది.

మా యింట గోడకు వ్రేలాడుచున్న పాత చిత్రమొకటి కలదు. అందు మా పితామహుడు మఱి యాఱుగురితో కూడ గండికోట మసీదు ముంగిట నిలిచియున్నాడు. చిత్రము వెనుక నేమియు వ్రాసియుండలేదు. ఆ యాఱుగురెవ్వరో, వారేపనిమీద పోయిరో మా మేనత్త యొక్కతెయే యెఱుగును. “రేపడుగుదము, ఎల్లుండి యడుగుదము” అనుచు కాలము గడపితిమి. ఇంతలో నామె కాలధర్మము నొందినది. ఆమెతో ఆఱు పేళ్లును పోయినవి.

ఆ చిత్రము యొక్క ప్రతిని సెల్‌ఫోనులో నుంచుకొని నేను గండికోటకు బయలుదేఱితిని. నంద్యాల–ఎఱ్ఱగుంట్ల రైలుమార్గము 2016వ సంవత్సరమున పూర్తియైన పిదప ఈ యాత్ర సులభమైనది. బనగానపల్లె, కోయిలకుంట్ల, సంజామల, నొస్సము దాటి జమ్మలమడుగున దిగవచ్చును. అచ్చటినుండి కోటకు బాట కలదు.

కోయిలకుంట్ల స్టేషనులో బండి యాగినప్పుడు మనసు నిలువదు. ఆళ్లగడ్డకు సమీపమున నున్న ఉయ్యాలవాడ పాలెగాడు నరసింహారెడ్డి 1846వ సంవత్సరము జూలై మాసమున నీ యూరి ఖజానాపై దాడి సల్పెను. కుంఫిణీవారు ఆయనను పట్టి, 1847 ఫిబ్రవరి 22వ తేదీన ఇచ్చటనే యురితీసిరి. శిరస్సును కోటగుమ్మమున వ్రేలాడగట్టిరనియు, 1877వఱకు నది యచ్చటనే యుండెననియు ప్రసిద్ధము. ఫ్రాన్సుదేశమున డాగ్యుయర్ కనిపెట్టిన ఛాయాచిత్రకళ లోకమునకు వెల్లడియైనది 1839లో. ఆ శిరస్సు వ్రేలాడుచున్న కాలముననే, 1858లో, లిన్నేయస్ ట్రైపు అను సైనికోద్యోగి మదరాసు ప్రభుత్వము పక్షమున మధుర, తంజావూరు మొదలగు చోట్ల దేవాలయములను, కోటలను చిత్రములు తీసెను. యంత్రము మన రాజధానికి వచ్చినది; మన సీమకు రాలేదు. అందుచేతనే నరసింహారెడ్డి ముఖమును మనము ప్రతిమలలోను, 2019లో వెలువడిన చలనచిత్రములోను ఊహించుకొని చూడవలసినవారమైతిమి.

గండికోట చేరునప్పటికి ప్రొద్దు బారెడెక్కినది. ఎఱ్ఱమల కొండలను చీల్చుకొని పెన్నానది పాఱు లోయకు గండి యని పేరు. ఆ గండియొడ్డున నున్న కోటయే గండికోట. ఒకవైపున అగాధమైన లోయ సహజపరిఖవలె నున్నది. తక్కినవైపుల ఎఱ్ఱరాతి గోడలును బురుజులును కలవు. పెమ్మసాని నాయకులు విజయనగర ప్రభువుల కాలమున దీనిని వర్ధిల్లజేసిరి. 1650వ ప్రాంతమున గోలకొండ సేనాని మీర్ జుమ్లా దీనిని పట్టుకొనెను. 1652లో టావెర్నియరు అను ఫ్రెంచి రత్నవర్తకుడిచ్చటికి వచ్చి మీర్ జుమ్లాను దర్శించి, కోటకు ఎక్కుదారి యెంత దుర్గమమో తన గ్రంథమున వ్రాసియుంచెను. 1800లో నిజాము ఈ సీమను కుంఫిణీవారికిచ్చివేయుటతో ఇది దత్తమండలములలో చేరినది.

కోటలోనికి వచ్చిన యాత్రికులెల్లరు సరాసరి లోయయొడ్డునకే పోవుదురు. నేనును అట్లే పోయితిని, అబద్ధమాడ నేల? ఎండ వాలినపుడు ఆ ఎఱ్ఱరాళ్లపై పడు వెలుగును చూచి యంత్రమును తీయనివాడుండడు. కాని నా ప్రక్క నిలిచిన నలువదిమందియు అదే లోయను, అదే చోటనుండి తీయుచుండిరి. మాధవరాయస్వామి గుడి గోపురము, జుమ్మామసీదు, ఎత్తైన కమానులు గల ధాన్యాగారము, రంగనాథస్వామి యాలయము జనము లేక నిశ్శబ్దముగా నుండెను. లోయ యెక్కడికిని పోదు. గోడ పగులును, గచ్చు రాలును, చెక్కిన స్తంభముపై ముక్కు విఱుగును. పోవువానిని విడిచి పోనివానినే చిత్రించుట మన యలవాటైనది.

నేను మసీదు ముంగిట మా పితామహుడు నిలిచిన చోట నిలిచి చిత్రము తీయుచుండగా, కోటలోని గ్రామమున కాపురముండు వృద్ధుడొకడు వచ్చి, “ఏమయ్యా, అంత సేపుగా చూస్తాండావు?” అని యడిగెను. సెల్‌ఫోనులోని పాత చిత్రమును చూపితిని. ఆయన దానిని కన్నులకు దగ్గఱగా పెట్టుకొని, ఎడమనుండి మూడవ మనిషిపై వ్రేలుంచి, “ఈయన మా నాయన గదప్పా!” అనెను. కొంతసేపు మఱి మాటాడలేదు. తండ్రి చిత్ర మొక్కటియు వారి యింట లేదట. ఆ దినమున తనయూరి పెద్దలు కోట చూడవచ్చిన అతిథులతో తీయించుకొన్న చిత్రమై యుండునని ఆయన చెప్పెను. ప్రతిని పంపుదునని మాటయిచ్చి, ఆయన చెప్పిన పేరు వ్రాసికొని వచ్చితిని. ఆఱు పేళ్లలో ఒకటి తిరిగి దొరికినది.

కావలి వెంకట బొఱ్ఱయ్య మొదలగు సహాయకులతో మెకంజీదొర ఊరూరి కైఫియతులు వ్రాయించినప్పుడు ఛాయాచిత్రములు లేవు. గండికోటకును కైఫియతు కలదు. ఊరి పేరెట్లు వచ్చెనో, ఎవరేలిరో, చెఱువెవరు త్రవ్వించిరో ఊరివారి నోట విని వ్రాసికొనుటయే వారి పద్ధతి. మనకు యంత్రమున్నది, ఆ పద్ధతి లేదు. గండికోట జలాశయమున నీరు నిలుపుటకై 2020లో తాళ్లప్రొద్దుటూరు గ్రామస్థులను ఖాళీ చేయించిరి. కోట నిలిచియుండగా దాని సమీపపు టూరు మునిగిపోవుట మన కన్నులయెదుటనే జరిగినది. వీధి, రచ్చబండ, ఇంటిగడప కోటలకంటె ముందుగా మాయును.

కావున సభ్యులకును పోషకులకును నా విన్నపమిది. యాత్రకు పోయినవారు లోయను తీయుడు; వలదనను. దానితోపాటు గోడలను, స్తంభములను, శాసనములను నాలుగువైపులనుండియు తీయుడు. కొలత తెలియుటకు ప్రక్కన మనిషినైనను కఱ్ఱనైనను నిలుపుడు. తేదీ, స్థలము, చిత్రములోని వారి పేళ్లు ఆనాడే వ్రాయుడు. సున్నముతోగాని బొగ్గుతోగాని గోడలపై మీ పేళ్లు వ్రాయకుడు. అవి చిత్రము వెనుక వ్రాయదగినవి. ఇంటిలోని పాత చిత్రములను పెద్దలు జీవించియుండగనే వారి యెదుట నుంచి యడుగుడు. ఒక ప్రతిని ఇంట నుంచి, వేఱొక ప్రతిని సంఘ గ్రంథాలయమునకిండు. గండికోట ఏ యొక్క కులపువారిదియు గాదు. గుడియు మసీదును ప్రక్కప్రక్కల నున్న యా కోటను కట్టిన చేతులనేకములు. దాని చిత్రములును అందఱివి కావలెను.

ఇల్లు చేరిన రాత్రి గోడనుండి చిత్రమును దింపి, వెనుక పెన్సిలుతో స్థలమును, మా పితామహుని పేరును, ఆ వృద్ధుని తండ్రి పేరును వ్రాసితిని. తక్కిన యయిదుగురికై అయిదు గీతలు గీచి ఖాళీగా విడిచితిని. ఈ సంచిక చదువు వారిలో ఎవరైనను మా యింటికి వచ్చి ఒక్క గీతపైనైనను పేరు వ్రాయగలిగినచో, ఈ వ్యాసము సఫలమైనదని తలంతును.