హైదరాబాద్ టౌన్‌హాల్: మార్కాపురం, గిద్దలూరు ఎమ్మెల్యేలూ కూర్చున్న భవనం.. దీని కథ తెలుసా?

అసెంబ్లీ అనగానే టీవీలో కనిపించే ఆ తెల్లటి గుమ్మటాల భవనం గుర్తుందా? అసలు అది అసెంబ్లీ కోసం కట్టింది కాదు. టౌన్‌హాల్!

ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్‌కు 40 ఏళ్లు నిండిన సందర్భంగా జనం చందాలతో కట్టించారు. 1905లో పునాది పడింది. 1913లో పూర్తయ్యేసరికి ఆయన లేరు, గద్దె మీద ఉస్మాన్ అలీఖాన్ ఉన్నారు. పబ్లిక్ గార్డెన్స్ పచ్చదనం పక్కన గుమ్మటాలు, మినార్లు, కమాన్లు, చిన్న చిన్న ఛత్రీలు.. ఇరాన్, రాజస్థాన్ పోకడలు రెండూ ఇందులో కలిశాయి.

1956లో ఆంధ్రప్రదేశ్ ఏర్పడ్డాక ఇదే శాసనసభ. మార్కాపురం, గిద్దలూరు అప్పటికి కర్నూలు జిల్లాలోవే. 1970లో ఒంగోలు కేంద్రంగా కొత్త జిల్లా వచ్చాకే ఇటు కలిశాయి. జిల్లా మారినా పశ్చిమ ప్రాంతం ఎమ్మెల్యేలు నీళ్ల గోడు చెప్పుకోవడానికి వెళ్లింది ఈ ప్రాంగణానికే. 2017 మార్చిలో వెలగపూడిలో ఏపీ అసెంబ్లీ మొదలయ్యాక ఆ బంధం తెగింది.

మరి రక్షణ సంగతి? ఇక్కడే ఉంది తిరకాసు. హైదరాబాద్ పాత కట్టడాలకు 1995 నుంచి అండగా ఉన్న 13వ రెగ్యులేషన్‌ను 2015లో తీసేశారు. 2017లో తెలంగాణ వారసత్వ చట్టం వచ్చింది. అయినా 2019లో కొత్త అసెంబ్లీ కోసం ఎర్రమంజిల్ ప్యాలెస్ స్థలాన్ని ఎంచుకుని శంకుస్థాపన కూడా చేశారు. ఒక పాత భవనం చాలడం లేదని ఇంకో పాత భవనానికి ఎసరు పెట్టడమన్నమాట! జనం కోర్టుకెక్కారు. అదే ఏడాది సెప్టెంబర్‌లో హైకోర్టు కేబినెట్ నిర్ణయాన్ని కొట్టేసింది.

ఆ తర్వాత ఆలోచన మారింది. పాత భవనాన్నే బాగుచేసి శాసనమండలిని అందులోకి తేవాలని తెలంగాణ ప్రభుత్వం నిర్ణయించింది. కుతుబ్‌షాహీ సమాధులను పునరుద్ధరించిన ఆగాఖాన్ ట్రస్ట్‌కే ఈ పనీ అప్పగించింది.

ఇలాంటి భవనాలకు పైపై రంగులు వేస్తే సరిపోదు. డంగు సున్నంతో కట్టిన గోడ లోపలి తేమను బయటికి వదులుతుంది. దానిమీద సిమెంటు పూస్తే, ప్లాస్టిక్ పెయింట్ వేస్తే తేమ లోపలే ఉండిపోయి గార ఉబ్బి పెచ్చులూడుతుంది. అందుకే ముందు ఆ పొరలన్నీ గీకేసి, మళ్లీ సున్నమే పూయాలి. టైం పడుతుంది, ఖర్చూ ఎక్కువే.