ఐబ్ చెప్పి అమ్మిన కలాలు

పోయిన నెల ఇల్లు మారాం. కొత్త ఇంట్లో ఒక గది తక్కువ. మంచం కింద పదిహేనేళ్లుగా ఉన్న ట్రంకు పెట్టె చూపించి మా బేగం ఒకే మాట అంది: "ఇది వస్తే నేను రాను." ఆ పెట్టెలో ఉన్నవి నా ఇంకు పెన్నులు. లెక్కపెడితే 112. సరిగ్గా అదే వారం అమ్మాయి కాలేజీ ఫీజు రెండో వాయిదా కట్టాలి. రెండు ముష్కిళ్లకూ ఒకటే దవా కనిపించింది, అమ్మేయడం.

పెన్నులంటే పార్కర్లు, మోంబ్లాంలు అనుకోకండి. నావన్నీ గరీబు కలాలు. స్టీలు పాళీ, ఎబొనైటు ఒళ్లు, విరిగి అతికించిన క్లిప్పు. కొన్ని జుమేరాత్ బజార్‌లో నేల మీద పరిచిన బొంతల మీద దొరికాయి, కొన్ని ఆదివారం అబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాల పక్కన. గుమాస్తాలు, పంతుళ్లు, పట్వారీలు, పదో తరగతి పిల్లలు రాసి రాసి వదిలేసినవి. ఒక్కోటీ 20 రూపాయలకో 50కో కొన్నాను. కడిగి, పాళీ సరిచేసి, 100 నుంచి 300 మధ్య కీమత్ పెట్టాను.

మా దాదా కర్నూలు పాతబస్తీలో బట్టల దుకాణంలో గుమాస్తా. ఆయన దగ్గర నేర్చుకున్న ఉసూల్ ఒకటుంది. థానులో చిరుగుంటే గిరాకీ చూడకముందే వేలు పెట్టి చూపించాలి. ఐబ్ చెప్పి అమ్మిన పైసలోనే బర్కత్ అనేవారు. అందుకని నేనూ అమ్మాయీ కూర్చుని ఒక్కో పెన్నుకు ఒక చీటీ రాశాం. పెన్ను ఏమిటి, నేనేం బాగుచేశాను, ఐబ్ ఏమిటి. మూడే పంక్తులు.

చీటీలు రాస్తుంటేనే ఇమ్తిహాన్ మొదలైంది. పాత వస్తువులు కొని అమ్మే ఒకాయన వచ్చి నల్లటి ఎబొనైటు పెన్నులు ఓ పది పక్కకు తీశాడు. "భాయ్, నిజాం జమానా కలం అని ఒక చీటీ రాసివ్వండి చాలు. ఒక్కోటి రెండు వేలకు తీసుకుంటా" అన్నాడు. పది పెన్నులు, ఇరవై వేలు. ఫీజు వాయిదా పూర్తిగా తీరిపోతుంది. అబద్ధం ఎందుకంటే నవ్వాడు. "మీరు పేపరోళ్లు. మీరు రాస్తే నమ్ముతారు."

ఆ రాత్రి నిద్ర పట్టలేదు. నిజాం కాలంవి కాదని నాకు ఎలా తెలుసు? అయ్యుండొచ్చు కదా? నఫ్స్ ఇలాగే మాట్లాడుతుంది. లేచి ఆ పది పెన్నులూ లైటు కింద పెట్టుకున్నాను.

ఎబొనైటు అంటే రబ్బరులో గంధకం బాగా ఎక్కువగా కలిపి వేడిచేస్తే వచ్చే గట్టి పదార్థం. అరచేతిలో రుద్దితే గంధకం వాసన వస్తుంది. వెలుగు, తేమ తగిలిన కొద్దీ నలుపు పోయి గోధుమ రంగుకు తిరుగుతుంది. చూసేవాళ్లు ఆ రంగును వయసు అనుకుంటారు. కిటికీ దగ్గర పడేసిన పెన్ను కొన్నేళ్లకే ముసలిదవుతుంది. పెట్టెలో దాచింది యాభై ఏళ్లయినా జవాన్‌గా ఉంటుంది. ఆకారం చూసి చెబుదామన్నా కుదరదు. మన రాజమండ్రిలో ఈ రోజుకీ ఎబొనైటు కడ్డీని లేతు మీద పెట్టి, చేత్తో మరలు కోసి, అదే పాత నమూనాలో పెన్నులు చేస్తున్నారు. పాళీ మీద ఇరీడియం అని ఉంటే కొందరు కళ్లు పెద్దవి చేస్తారు. చౌక స్టీలు పాళీల మీద కూడా ఆ మాట అచ్చేస్తారు. దానికి బంగారంతో సంబంధం లేదు, వయసుతోనూ లేదు.

కాబట్టి నిజాం కాలంవి అనడానికి నా చేతిలో సబూత్ ఏమీ లేదు. సబూత్ లేనప్పుడు "అయ్యుండొచ్చు" అని రాసి అమ్మడం, చిరుగు లోపలికి మడిచి థాను అమ్మడం లాంటిదే.

మన ఉర్దూలో తారీఖ్ అంటే తేదీ, చరిత్ర కూడా. తెలుగులో తారీఖు అంటే తేదీ ఒక్కటే మిగిలింది. తేదీ తెలియనిదాన్ని తారీఖ్ అనలేం అని ఆ ఒక్క మాటే చెబుతుంది. అయితే పెన్నుల చరిత్రలో తారీఖ్ లేని కథలు చాలా ఉన్నాయి. అవి పుట్టింది ఎక్కువగా అమ్మడం కోసమే.

అన్నిటికంటే మశ్‌హూర్ కథ వాటర్‌మన్‌ది. అమెరికాలో ఆయన ఇన్సూరెన్స్ ఏజెంట్, పెద్ద ఒప్పందం మీద సంతకం పెట్టించే వేళ పెన్ను కక్కి కాగితం పాడైంది, ఇంకో కాగితం తెచ్చేలోపు గిరాకీ చేజారింది, ఆ కసితో కొత్త పెన్ను కనిపెట్టాడు. చదవడానికి బాగుంది. కానీ ఆ రోజుల నాటి ఆధారం ఒక్కటీ లేదని, కంపెనీ ప్రచారంలో తర్వాత పుట్టిన కథ అని పరిశోధకులు తేల్చారు. ఆధారం ఉన్నది 1884 నాటి పేటెంటుకు. పాళీ కింద ఉండే నాలుకలో సన్నటి గాడులు కోసి, సిరా కిందికి దిగిన మేరకు గాలి పైకి వెళ్లే దారి ఇవ్వడం, అదీ ఆయన హునర్. నా గరీబు కలాల్లో కూడా పని చేస్తున్నది ఆ హునరే. కథ అబద్ధమైనా దాని విలువ తగ్గలేదు.

ఇక మన వాట్సాప్ గ్రూపుల్లో తిరిగేది ఇంకోటి ఉంది, ఫౌంటెన్ పెన్ను కనిపెట్టింది ముసల్మానులే అని. ఇందులో నిజం ఉంది, ఐబ్ కూడా ఉంది. ఫాతిమీ ఖలీఫా అల్ ముయిజ్ 953 నుంచి 975 దాకా పాలించాడు. కాహిరా నగరం ఆయన కాలంలోనే, 969లో పునాది వేసుకుంది. ఆయన కొలువులో ఖాజీ అల్ నుమాన్ అనే పెద్ద ఆలిమ్ ఉండేవాడు. ఖలీఫా ఒక కలం కోరాడని ఆయన తన కితాబులో రాశాడు. సిరా తన కడుపులోనే దాచుకోవాలి, దవాత్ అక్కర్లేకుండా రాయాలి, తలకిందులు చేసినా కారకూడదు, చెయ్యి గానీ బట్టలు గానీ పాడు చేయకూడదు. కొద్ది రోజులకే కారీగర్ బంగారంతో అలాంటి కలం చేసి తెచ్చాడు. మొదట సిరా కాస్త ఎక్కువ వదిలిందట, సరిచేయమంటే సరిచేశాడు. సిరా ఎక్కువ వదలడం అనే ఆ చిన్న ఐబ్‌ను కూడా దాచకుండా రాశాడు చూడండి, నాకు ఖాజీ సాహెబ్ మీద భరోసా కలిగింది అక్కడే.

కానీ లోపలి యంత్రం ఎలా ఉండేదో కితాబులో లేదు. ఆ కలం మిగల్లేదు. అక్కడి నుంచి 1884 దాకా ఒకరి నుంచి ఒకరికి హునర్ అందిందని చూపే కడియం కూడా లేదు. ఆ కోరిక మనవాళ్లు వెయ్యేళ్ల కిందటే కోరారని, ఒక కారీగర్ తీర్చాడని చెప్పుకుంటే గర్వానికి సరిపోతుంది. అంతకు మించి లాగితే థాను చిరుగుతుంది.

మన తెలుగు నేల కథలో మాత్రం తారీఖు ఉంది. రాజమండ్రిలో కె.వి. రత్నం స్వదేశీ పెన్నులు చేయడం 1930ల మొదట్లో మొదలుపెట్టారు. జె.సి. కుమారప్ప ద్వారా అందిన ఆయన పెన్నుకు శుక్రియా చెబుతూ గాంధీజీ 1935 జూలైలో ఉత్తరం రాశారు. దాన్ని వాడి చూశానని, విదేశీ పెన్నులకు బదులు పనికొచ్చేలా ఉందని అందులో ఉంది. ఉత్తరం ఉంది, తేదీ ఉంది, సంతకం ఉంది. హైదరాబాదులో అబిడ్స్‌లోని దక్కన్ పెన్ స్టోర్స్ 1928 నాటిది. చరిత్ర కావాలంటే ఇలాంటి చోట వెతకాలి. నా దగ్గరి గోధుమ రంగు ఎబొనైటుకు అది అప్పివ్వకూడదు.

పొద్దున్నే ఆ వ్యాపారికి ఫోన్ చేసి రాయలేనన్నాను. "మీ ఖిస్మత్" అని పెట్టేశాడు. అమ్మాయి పక్కనే ఉంది. "అబ్బా, మరి ఏం రాయాలి?" అంది. "ఎబొనైటు, ఫిల్లరుతో సిరా పోయాలి, వయసు తెలియదు అని రాయి బేటా. చేతి వేడికి బొట్లు కక్కుతుంది, సగానికి తగ్గకముందే సిరా పోసుకోవాలి, అది కూడా రాయి." లోపల సిరా తగ్గి గాలి పెరిగితే, అరచేతి వేడికి ఆ గాలి ఉబ్బి సిరాను బయటికి తోస్తుంది. మన తరం తెల్ల చొక్కా జేబుల మీది నీలి మచ్చలకు కారణం అదే.

తెలిసినవాళ్లు, వాళ్లకు తెలిసినవాళ్లు రెండు ఆదివారాలు ఇంటికి వచ్చారు. చీటీలు చదివి కొందరు పెన్ను కింద పెట్టేశారు. చీటీ చదివాకే కొన్నవాళ్లూ ఉన్నారు. షాంఘై హీరో పెన్నులు ముందుగా పోయాయి. పార్కర్ 51 లాగా పాళీ దాచుకుని, బాణం క్లిప్పుతో ఉంటాయి. వాటికి నకళ్లు కూడా చాలా వచ్చాయి కాబట్టి, అసలుదని నమ్మకం లేని రెండిటి మీద ఆ మాటే రాశాను. అవీ పోయాయి, 100 చొప్పున.

ఒక పెన్ను మాత్రం ఎవరూ ముట్టుకోలేదు. అది నా స్కూలు కలం. మా ఉర్దూ మీడియం స్కూల్లో వారానికి ఒక రోజు తఖ్తీ మీద రెల్లు కలంతో ఖుష్‌ఖతీ రాయించేవారు. మిగతా రోజులు ఇంకు పెన్ను. దుకాణంలో దొరికే పాళీ మొన గుండ్రంగా ఉంటుంది, ఎటు లాగినా గీత ఒకటే లావు. నస్తాలీఖ్‌కు లావూ సన్నమూ రెండూ కావాలి. మా ఉస్తాద్ ఆ మొనను సానరాయి మీద ఏటవాలుగా అరగదీసి, రెల్లు కలానికి వేసినట్టే కత్ వేసి ఇచ్చారు. కాలేజీలో తెలుగు చదువుకు చేరాక దాంతో రాయలేకపోయాను. గుండ్రటి తెలుగు అక్షరం తిప్పేసరికి కాగితం గీసుకుపోయేది. చీటీ మీద ఇలా రాశాను: "పాళీ మొన అరగదీసి ఉంది. తెలుగు, ఇంగ్లీషు రాయదు. 80 రూపాయలు."

రెండో ఆదివారం అస్ర్ తర్వాత ఒక రిటైర్డ్ ఉర్దూ టీచర్ వచ్చారు. చీటీ చదివి, మూత తీసి, పాళీని వెలుతురుకు పట్టి చూశారు. సిరాలో ముంచి ఒక అలిఫ్, ఒక బే, ఒక నూన్ రాశారు. నూన్ కడుపు లావెక్కి, కొస వెంట్రుకలా సన్నబడింది. "మియా, దీన్ని ఐబ్ కింద రాశారేమిటి?" అన్నారు. నాకు జవాబు దొరకలేదు. 80 తీసుకోబుద్ధి కాలేదు, ఊరికే ఇస్తానంటే ఆయన ఒప్పుకోలేదు. చీటీ వెనక్కి తిప్పి "ఉర్దూకు కత్ వేసిన పాళీ, కర్నూలు, 1992" అని రాసి పెన్నుతో పాటు ఇచ్చాను. తారీఖు నాకు తెలిసిన పెన్ను అదొక్కటే.

మొత్తం 43 పెన్నులు పోయాయి. వచ్చింది 7,450 రూపాయలు. ఫీజులో మిగతాది తమ్ముడి దగ్గర చేబదులు తీసుకున్నాను. మిగిలిన పెన్నులు ఇప్పుడు చిన్న పెట్టెలో, బేగం ఇజాజత్‌తో, అల్మారా పైన ఉన్నాయి.

మీ ఇంట్లో కూడా సొరుగు అడుగున ఇలాంటి కలం ఒకటి ఉండే ఉంటుంది. అమ్మినా, దాచినా మీ ఇష్టం. ముందు మీ నానీనో దాదానో అడిగి, అది ఎవరిది, ఏ ఊళ్లో, ఏ సంవత్సరంలో, ఏం రాయడానికి కొన్నారో ఒక చీటీ మీద రాసి దానికి చుట్టండి. వాళ్లకు గుర్తులేకపోతే గుర్తులేదనే రాయండి.