గాజు లోపలి వైపు: లాడ్ బజార్ లక్క గాజుల ఎంపిక, వాడకం, సంరక్షణ

చార్మినార్ దగ్గర మొదలై పడమరగా మహబూబ్ చౌక్ వైపు సాగే లాడ్ బజార్‌లో గాజులు కొనేవారి చూపు ముందు పై వైపుకే పోతుంది. అద్దాలు, నగీనాలు (పొదిగే రాళ్లు), పూసలు, రంగు అన్నీ అక్కడే ఉంటాయి మరి. అయితే గాజు చేతికి పడుతుందా, చర్మానికి పడుతుందా, ఎన్నాళ్లు నిలుస్తుంది అన్న మూడు ప్రశ్నలకూ జవాబు చాలావరకు లోపలి వైపే దొరుకుతుందన్నది ఈ వ్యాసం ప్రతిపాదన.

లక్క, లోహం, ముద్ర

లక్క ఒక పురుగు స్రవించే బంక. మోదుగ, రేగు వంటి చెట్ల కొమ్మల మీద ఈ పురుగులు గుంపులుగా బతుకుతాయి. మన దేశంలో లక్క ఉత్పత్తిలో జార్ఖండ్‌ది పెద్ద వాటా. దీని మీద పరిశోధనకు రాంచీలో 1924లోనే ఒక సంస్థ ఏర్పడింది. గాజుల పనివారు లక్కను బొగ్గుల కుంపటి మీద కరిగించి, అందులో సుద్ద వంటి పొడి, రంగు కలిపి ముద్దచేసి, కడ్డీగా సాగదీస్తారు. దాన్ని లోహపు చుట్టు మీద పరిచి, వేడి ఆరకముందే నగీనాలను ఒక్కొక్కటిగా అద్దుతారు. అంటే పైన కనిపించేది లక్కే అయినా, చేతిని తాకేది చాలా గాజుల్లో లోహమే.

హైదరాబాద్ లక్క గాజులకు 2024లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. దీని అర్థం స్పష్టంగా తెలుసుకోవాలి. ఆ గుర్తింపు ఊరికీ పనితనానికీ ఉన్న సంబంధానికి చట్టం వేసిన ముద్ర. లోపలి లోహం ఏమిటో, రంగులో ఏం కలిసిందో పరీక్షించి ఇచ్చిన హామీ కాదు. పైగా ఆ వీధిలో అమ్మేదంతా లక్క కూడా కాదు. మట్టి గాజులు, లోహపు గాజులు, ప్లాస్టిక్ గాజులూ పక్కపక్కనే ఉంటాయి.

కొలత: దశాంశం కాదు, అణాల లెక్క

గాజుల సైజు 2.4, 2.6, 2.8 అని రాస్తారు. చుక్క తర్వాతి అంకె పదోవంతు కాదు, అంగుళంలో పదహారోవంతు. రూపాయికి పదహారు అణాలన్నట్టే అనుకుంటే గుర్తుంటుంది. 2.4 అంటే రెండుంబావు అంగుళాల లోపలి వ్యాసం, సుమారు 57 మిల్లీమీటర్లు. 2.6 సుమారు 60, 2.8 అంటే రెండున్నర అంగుళాలు, 63.5 మిల్లీమీటర్లు. 2.10 అన్నది 2.8 కంటే పెద్దది. దశాంశంగా చదివితే చిన్నదనిపించి పొరపడతాం.

బొటనవేలిని అరచేతిలోకి మడిచి, వేళ్ల కణుపుల దగ్గర చెయ్యి బాగా వెడల్పుగా ఉన్నచోట టేపుతో చుట్టుకొలత తీయండి. దాన్ని 3.14తో భాగిస్తే వ్యాసం వస్తుంది. 19 సెంటీమీటర్లు వచ్చిందంటే దాదాపు 2.6. వెడల్పాటి గాజైతే ఒక సైజు పెద్దది చూసుకోవడం మేలు, ఎందుకంటే లోహపు చుట్టు సాగదు.

చర్మానికి పడుతుందా?

ఇక్కడ అనుమానించదగ్గది నికెల్. నగల వల్ల వచ్చే చర్మ అలర్జీల్లో దానిదే ప్రధాన పాత్ర అన్నది వైద్యంలో స్థిరపడిన విషయం. ఒంటికి ఎక్కువసేపు తగిలే వస్తువుల నుంచి విడుదలయ్యే నికెల్ వారానికి చదరపు సెంటీమీటరుకు 0.5 మైక్రోగ్రాము దాటకూడదని ఐరోపా సమాఖ్య నిబంధన పెట్టింది. చెమట ఈ విడుదలను పెంచుతుంది; మన ఎండాకాలానికి ఈ మాట మరీ వర్తిస్తుంది.

రెండు జాగ్రత్తలు. ఒకటి, ఈ దద్దురు సాధారణంగా ఒకటి రెండు రోజులు ఆగి బయటపడుతుంది. కాబట్టి కొట్లో తొడుక్కుని చూసి బాగానే ఉందనుకుంటే సరిపోదు. రెండు, అయస్కాంతం అంటుకోనంత మాత్రాన నికెల్ లేదనడానికి లేదు. మునుపు చెవిదిద్దులతోనో వాచీతోనో దురద వచ్చినవారు ముందు ఒకే గాజు కొని, కొన్నాళ్లు వేసుకుని చూసి ఆపైన జోడా తీసుకోవడం నయం. దురద తగ్గకపోతే చర్మవైద్యులు చేసే ప్యాచ్ పరీక్షే సరైన దారి.

నొప్పులు తగ్గుతాయని చెప్పి అమ్మే రాగి కడియాలు, మూడు లోహాలు పేనిన టిబెటన్ తరహా కడియాల సంగతి వేరే చెప్పాలి. బ్రిటన్‌లోని యార్క్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2013లో ప్రచురించిన అధ్యయనంలో 70 మంది రుమటాయిడ్ కీళ్లవాతం రోగులు రాగి కడియాన్నీ, అయస్కాంత పట్టీలనూ ఒక్కొక్కటి ఐదు వారాల చొప్పున వేసుకున్నారు. నొప్పిలో గానీ వాపులో గానీ ఉత్తుత్తి పట్టీని మించిన మేలు కనబడలేదు. ఇది ఒక్క జబ్బు మీద, పరిమిత సంఖ్యలో రోగులతో జరిగిన పరిశీలన. అన్ని నొప్పులకూ ఇదే తీర్పు అనలేం. కానీ వైద్యం పేరు చెప్పి ఎక్కువ ధర అడిగితే ఇవ్వనక్కర్లేదు. మణికట్టు మీద పడే ఆకుపచ్చ మరక చెమటకు రాగి చిలుము పట్టడం వల్ల వచ్చేది, ఒంట్లో విషం బయటికి పోతున్నదనడానికి గుర్తు కాదు.

ఎన్నాళ్లు నిలుస్తుంది?

లక్కకు శత్రువులు మూడు. మొదటిది వేడి. లక్క ఇంటి కథ విన్నవారికి దాని గుణం కొత్తేమీ కాదు. శుద్ధమైన లక్క 75–80 డిగ్రీల దగ్గర కరుగుతుంది, అంతకుముందే మెత్తబడుతుంది. పొయ్యి సెగ, కుక్కర్ ఆవిరి, ఎండలో నిలిపిన కారు డాష్‌బోర్డు దానికి పడవు.

రెండోది ఆల్కహాలు. వడ్రంగులు లక్క పాలిష్‌ను స్పిరిట్‌లో కలుపుకునేది అందులో లక్క కరుగుతుందనే. ఒక్క చుక్కకే గాజు ఊడిపోదు గానీ, శానిటైజర్, సెంటు రాసుకుని ఆరాకే గాజులు తొడుక్కోవాలి. మూడోది క్షారం: చాకలి సోడా, బట్టల సబ్బు నీళ్లు. ఇత్తడి, రాగి వస్తువులకు చేసే చింతపండు వైద్యం కూడా వీటికి వద్దు. తడి తగిలితే అద్దాల వెనక పూత చెడిపోతుంది. పొడి మెత్తటి గుడ్డతో తుడిచి, ఒకదానికొకటి రాసుకోకుండా పెట్టెలో పెడితే చాలు. నగీనా ఊడితే పారేయక్కర్లేదు. పనివాడు లక్కను వేడిచేసి మళ్లీ అద్దగలడు.

ఈసారి లాడ్ బజార్ వెళితే బేరం మొదలుపెట్టే ముందు గాజును తిప్పి చూడండి. లోపలి అంచును వేలితో తడమండి. లోహమేమిటో అడగండి. లక్క, లోహం కలిసేచోట సందు కనిపిస్తే ఎంత మెరుస్తున్నా వదిలేయండి.